ఇంట్లో చేసిన బాడీ బామ్ సరిగ్గా రాలేదా? ఏ బటర్, ఏ మైనం, ఎంత పాళ్లు

ఇంట్లో చేసిన బామ్ సరిగ్గా రాలేదంటే చాలామంది మొదట చేసే పని ఇంకొంచెం మైనం వేయడం. కరిగిపోయినా మైనమే, పలుకులు తగిలినా మైనమే, పైన నూనె తేలినా మైనమే. చివరికి మిగిలేది వేలికి అంటని, ఒంటికి రాస్తే సాగని గట్టి ముద్ద. మైనంతో తీరే లోపం నిజానికి ఒక్కటే, వేడికి కరిగిపోవడం. మిగతావి బటర్ (గింజల నుంచి తీసే గట్టి కొవ్వు) ఎంపిక వల్ల, నూనె ఎంపిక వల్ల, చల్లార్చిన తీరు వల్ల వస్తాయి. అందుకే పాళ్లు మార్చే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి.

బామ్‌కు గట్టిదనం ఇచ్చేవి రెండు: బటర్, మైనం. రెండూ ఒకే పని చేస్తాయనుకుంటే లెక్క తప్పుతుంది. షియా, కోకో, మామిడి బటర్లు సుమారుగా 32 నుంచి 38 డిగ్రీల మధ్య కరిగిపోతాయి. తేనెమైనం కరగాలంటే 62 నుంచి 64 డిగ్రీలు కావాలి. రోహిణి కార్తెలో రెంటచింతలలోనో రామగుండంలోనో గదిలో వేడి 38 దాటిందంటే డబ్బాలో ఉన్న బటర్‌ను కూడా నూనె కిందే లెక్కేసుకోవాలి. అప్పుడు బామ్‌ను నిలబెట్టేది మైనం ఒక్కటే. అదే పాళ్లతో చేసిన డబ్బా డిసెంబరులో ఆదిలాబాద్‌లో గోరుతో గీరితే గానీ రాదు. కాబట్టి అన్నిటికన్నా మంచి పాళ్లు ఏవని అడిగే ముందు ఏ ఊరికి, ఏ నెలకి అన్నది చెప్పుకోవాలి.

పలుకులు దేనివో ముందు చూడండి

బామ్ గరగరలాడుతుంటే బఠానీ గింజంత తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పది సెకన్లు నలపండి. మొదట పలుకుగా తగిలి, ఒంటి వేడికి మెల్లగా జారి మాయమైతే అది బటర్ పలుకు. ఎంత నలిపినా పోకుండా, గోటి కింద నొక్కితే పలచటి రేకులా అణిగితే అది ముందే గడ్డకట్టిన మైనం. కరిగిన మైనంలో చల్లటి నూనె ఒక్కసారిగా పోసినప్పుడు ఇలా అవుతుంది. నూనె అంతా ఇంకాక వేళ్ల మీద తెల్లగా, పొడిగా మిగిలితే అది జిడ్డు తగ్గడానికి వేసిన పిండి, సరిగ్గా కలవనిది. ఈ మూడింటికీ మందు వేరు. మైనం రేకులైతే మళ్లీ 75 డిగ్రీల దాకా వేడి చేస్తే చాలు. పిండి ఉండలైతే కరిగించి పలచటి బట్టలో వడకట్టాలి. బటర్ పలుకుల సంగతి మాత్రం కొంచెం పెద్దది.

నెయ్యిని తాకకుండా మెల్లగా చల్లారనిస్తే పూస కడుతుంది కదా, షియా బటర్‌లో జరిగేదీ అదే. షియాలో స్టియరిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న గట్టి భాగం ముందుగా పేరుకుంటుంది, ఓలిక్ ఆమ్లం ఎక్కువున్న మెత్తటి భాగం తర్వాత. చల్లారడం ఆలస్యమైన కొద్దీ ఆ గట్టి భాగానికి ఒక్కచోట చేరి పెద్ద పలుకులయ్యే తీరిక దొరుకుతుంది. ఇంకో మెలిక ఉంది. 45 డిగ్రీలకు బటర్ పూర్తిగా కరిగినట్టే, తేటగా కనిపిస్తుంది. కానీ కంటికి కనపడని పలుకు మొలకలు లోపల మిగిలే ఉంటాయి, చల్లారేటప్పుడు వాటి చుట్టూనే కొత్తవి కడతాయి. అందుకే 70 నుంచి 75 డిగ్రీల దగ్గర ఓ 20 నిమిషాలు ఉంచమనేది. కరగడానికి అంత వేడి అక్కర్లేదు, ఆ మొలకలు పోవడానికి కావాలి.

చేసిన రోజు నున్నగా ఉండి మూడు వారాల తర్వాత పలుకులు కడితే తప్పు వంటింట్లో జరిగింది కాదు. పగలు సగం కరిగి, రాత్రి మెల్లగా పేరుకుని, మళ్లీ పగలు కరిగి అలా తయారైంది. దానికి మందు బటర్ మార్చడం, లేదా డబ్బాను చల్లటి చోట ఉంచడం.

బటర్లలో ఏది?

మొదటిసారి చేసేవాళ్లకు మామిడి బటర్‌తో మొదలుపెట్టమనే చెప్పాలి. మామిడి టెంకలోని జీడి నుంచి తీస్తారు, పేరులో తప్ప వాసనలో మామిడి ఉండదు. మెత్తదనంలో షియాకు దగ్గరగా ఉంటుంది, జిడ్డు తక్కువ, పలుకులు కట్టడం కూడా తక్కువ. ఏ పాళ్లలోనైనా షియా బదులు అంతే బరువు మామిడి బటర్ వేసుకోవచ్చు.

షియా పశ్చిమ ఆఫ్రికా నుంచి వస్తుంది, ఘనా, బుర్కినా ఫాసో, నైజీరియా వైపు నుంచి. శుద్ధి చేయనిది లేత పసుపుగా, కొంచెం పొగ వాసనతో ఉంటుంది. శుద్ధి చేసినది తెల్లగా, వాసన లేకుండా ఉంటుంది. పలుకులు కట్టడంలో రెండిటికీ తేడా లేదు, కాబట్టి ఆ భయంతో ఒకదాన్ని వదిలి ఇంకోటి కొనక్కర్లేదు. మడమల పగుళ్లకు, చలికాలంలో పొడిబారి తెల్లగా గీతలు పడే కాళ్లకు షియా బాగా పట్టి ఉంటుంది. మొత్తంలో మూడో వంతు దాటితే జిడ్డు ఒంటి మీదే నిలుస్తుంది, పలుకుల ముప్పూ పెరుగుతుంది.

మన వేసవికి అసలైన ఆసరా కోకమ్ బటర్. కొంకణ తీరంలో పండే కోకమ్ కాయ గింజల నుంచి వస్తుంది. మామూలుగా దొరికే బటర్లలో ఎక్కువ వేడికి, అంటే 38 నుంచి 42 డిగ్రీల మధ్య, కరిగేది ఇదే. వాసన ఉండదు, జిడ్డుగా అనిపించదు. ఇది 10 నుంచి 15 శాతం వేస్తే మైనం కొంత తగ్గించుకోవచ్చు, దాంతో బంక తగ్గుతుంది. కానీ స్వభావం పెళుసు. పావు వంతు దాటితే బామ్ పగుళ్లిస్తుంది, ఒంటి మీద సాగకుండా ముక్కలుగా రాలుతుంది.

కోకో బటర్ వాసన కోసం కొనేవాళ్లే ఎక్కువ. గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతర పంటగా కోకో బాగా పండుతుంది. బటర్ మాత్రం గింజను వేయించి, నూరి, ఒత్తి తీసేది, కాబట్టి ఇంట్లో అయ్యే పని కాదు. చాక్లెట్ వాసన కావాలంటే వాసన తీసేయని రకం అడగండి. కోకో బటర్ ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు, అందులో కొన్ని నిలకడ లేనివి. డబ్బా పైన తెల్లటి మచ్చలు తేలేది అందువల్లే. అవి బూజు కాదు, రాసుకోవచ్చు. 30 డిగ్రీల లోపు గట్టిగా ఉండి, 34 దగ్గరకొచ్చేసరికి ఒక్కసారిగా జారిపోవడం దీని తీరు. పెదాలకు అది సుఖమే గానీ మే నెలలో డబ్బాకు కష్టం. చలికాలానికి ఉంచుకోండి.

ఆదిలాబాద్ వైపు, మన్యంలో ఇప్పనూనె దొరికేవాళ్లు దాన్నీ వాడొచ్చు. చలికి నెయ్యిలా పేరుకున్నా 30 డిగ్రీల లోపే కరిగిపోతుంది కాబట్టి పాళ్లలో బటర్ కింద కాక నూనె కింద వేసుకోండి. ఘాటైన సొంత వాసన ఉంటుంది, పాతబడితే త్వరగా ముక్కిపోతుంది. కొత్తది, వడకట్టినది చూసుకుని 15 శాతం లోపు వాడితే మంచి మెత్తదనం ఇస్తుంది.

మైనం: పేరు మారితే బరువూ మారాలి

తేనెమైనం అన్నిటికన్నా ఓర్పున్నది. ఒకటి రెండు గ్రాములు అటూ ఇటూ అయినా బామ్ పాడవదు, వంగే గుణం ఉంది కాబట్టి పగుళ్లివ్వదు. 10 శాతానికి మెత్తగా, 15కి మధ్యస్థంగా, 20కి గట్టిగా వస్తుంది. 25 దాటితే రాస్తుంటే చర్మం వెంట లాగుతుంది. కొనేటప్పుడు పారాఫిన్ (పెట్రోలియం నుంచి వచ్చే మైనం) కల్తీ చూసుకోవాలి. అసలు తేనెమైనం కాస్త వేడి తగలగానే తేనె వాసన వేస్తుంది. పాత దిమ్మ మీద తెల్లటి పొడిలా తేలడం లోపం కాదు. పొయ్యి పక్కన కొవ్వొత్తులు ఉన్నాయి కదా అని వాటిని మాత్రం కరిగించి వేయొద్దు. వాటిలో ఏ రంగు, ఏ సువాసన కలిసిందో తెలియదు.

తేనెటీగల నుంచి వచ్చేది వద్దనుకునేవాళ్లకు క్యాండెలిల్లా మైనం ఉంది, ఉత్తర మెక్సికో ఎడారి మొక్క నుంచి తీసేది. కరగడానికి 68 నుంచి 73 డిగ్రీలు కావాలి. తేనెమైనం 20 గ్రాములు వేసే చోట ఇది 10 గ్రాములు చాలు. బరువుకు బరువు మార్చేసి, బామ్ రాయిలా అయిందని చెప్పేవాళ్లు చాలామంది. లోపం మైనానిది కాదు, ఆ మార్పులో ఉంది.

కార్నౌబా బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనం, 82 నుంచి 86 డిగ్రీలకు గానీ కరగదు. దానికోసం మొత్తం బటర్‌ను 90 దాకా తీసుకెళ్లడం దండగ. మిగతావి కాస్త చల్లగా ఉన్నా ఇది ముందే గడ్డకట్టి రవ్వగా రాలుతుంది. తేనెమైనంతో పాటు 2 శాతం వేసి ఎండాకాలం బామ్‌ను ఇంకాస్త నిలబెట్టొచ్చు. అంతకు మించి ఇంటి బామ్‌లో దానికి పనిలేదు.

నూనెల దగ్గర ఒక హెచ్చరిక

మన ఇళ్లలో చెయ్యి మొదట కొబ్బరినూనె మీదికే వెళ్తుంది. అది 24 నుంచి 26 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, కరుగుతుంది. చలికాలం మన ఊళ్లలో రాత్రికీ పగటికీ మధ్య ఆ గీతను రోజూ దాటుతుంది. నూనె భాగమంతా కొబ్బరినూనే అయితే పొద్దున గట్టిగా, మధ్యాహ్నం జారుగా ఉంటుంది, మధ్యలో పలుకులూ కడుతుంది. 15 శాతం దాటనివ్వకండి.

ప్రధాన నూనెగా గానుగ నువ్వుల నూనె నమ్మదగినది. దానిలోని సహజ పదార్థాలే దాన్ని త్వరగా ముక్కిపోనివ్వవు. వాసన నచ్చనివాళ్లకు బాదం నూనె. ఆముదం 5 నుంచి 8 శాతం వేస్తే మెరుపు, పట్టు వస్తాయి, అంతకంటే పెరిగితే బంక. అవిసె నూనె, మామూలు పొద్దుతిరుగుడు, కుసుమ నూనెలు ఎంత చవకగా దొరికినా నెలల తరబడి ఉంచే బామ్‌కు పనికిరావు, గాలి తగిలి త్వరగా ముక్కిపోతాయి. ఏ నూనె వాడినా విటమిన్ ఇ ఒక శాతం కలపండి. అది ముక్కిపోవడాన్ని వాయిదా వేస్తుంది, బూజును ఆపదు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే తడి వస్తువులు వేసి డబ్బాలు పాడుచేసుకుంటారు.

జిడ్డు ఎక్కువనిపిస్తే పాలగుండ (ఆరోరూట్) పొడి గానీ కార్న్‌ఫ్లోర్ గానీ 3 నుంచి 5 శాతం, జల్లించి, కొంచెం నూనెలో ముద్దగా కలిపి వేయాలి. పలచగా ఉన్నప్పుడే వేసి వదిలేస్తే అడుగున చేరుతుంది, కాబట్టి పోసేదాకా కలుపుతూనే ఉండాలి.

100 గ్రాములకు రెండు పాళ్లు

ఎండాకాలం, తెలంగాణ, కోస్తా ఊళ్లకు: తేనెమైనం 20 గ్రాములు, కోకమ్ బటర్ 15, మామిడి బటర్ 20, నువ్వుల నూనె 34, ఆముదం 5, పాలగుండ 4, విటమిన్ ఇ 1, సుగంధ తైలం 1.

చలికాలానికి: తేనెమైనం 10, షియా 30, కోకో 10, బాదం లేదా నువ్వుల నూనె 38, కొబ్బరినూనె 10, విటమిన్ ఇ 1, సుగంధ తైలం 1.

చలిదేశాల్లో, హీటర్‌తో ఇల్లు 20, 22 డిగ్రీల దగ్గరే ఉండేవాళ్లకు ఈ రెండో పాళ్లలో మైనం 8కి తగ్గించి ఆ 2 గ్రాములూ నూనెలో కలిపితే వేలికి హాయిగా వస్తుంది. ఇక్కడి నుంచి ఎండాకాలంలో సామాన్లలో పంపే డబ్బా అయితే మొదటి పాళ్లే మేలు. అక్కడ గట్టిగా అనిపించినా దారిలో కారిపోకుండా చేరుతుంది.

అన్నీ కాటా మీద తూచండి. తురిమిన మైనం ఒక స్పూనూ, గింజల మైనం ఒక స్పూనూ బరువులో ఒకటి కావు. నీళ్లు మరిగే గిన్నెలో ఇంకో పొడి గిన్నె పెట్టి ముందు మైనాన్ని కొంత నూనెతో కరిగించి, తర్వాత బటర్లు, చివర మిగిలిన నూనెలు వేయాలి. నేరుగా మంట మీద పెట్టొద్దు. ఆవిరి చుక్క కూడా లోపల పడకూడదు.

డబ్బాలో పోసే ముందు ఫ్రిజ్‌లో పెట్టి ఉంచిన స్టీలు గరిటె మీద నాలుగు చుక్కలు వేసి రెండు నిమిషాలు లోపల పెట్టండి. తీసి పావుగంట బయట ఉంచి, అప్పుడు వేలితో నొక్కి చూడండి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే నొక్కి గట్టిగా ఉందని సంతోషపడితే మోసపోతారు.

మెత్తగా ఉంటే ఎంత కలపాలో లెక్క ఉంది. 100 గ్రాముల బామ్‌లో 12 గ్రాముల మైనం ఉండి దాన్ని 18 శాతం చేయాలంటే 6 గ్రాములు చాలవు. మొత్తం బరువు కూడా పెరుగుతుంది కాబట్టి 7.3 గ్రాములు వేయాలి. గట్టిపడినదాన్ని సడలించడానికి చాలా ఎక్కువ పడుతుంది. 22 శాతం మైనం ఉన్న 100 గ్రాములను 15 శాతానికి తేవాలంటే దాదాపు 47 గ్రాముల నూనె కలపాలి. అందుకే తక్కువతో మొదలుపెట్టి పెంచుకోవడమే తేలిక.

చల్లార్చడం: అన్నిటికీ ఒకే పద్ధతి పనికిరాదు

మైనం తక్కువ, బటర్ ఎక్కువ ఉన్న చలికాలం పాళ్లకు ఐసు నీళ్లు బాగా పనిచేస్తాయి. గిన్నెను ఐసు నీళ్లలో ఉంచి అంచులు గీకుతూ ఆపకుండా కలపాలి. మొదట తేటగా ఉన్నది కాసేపటికి మసకబారుతుంది, అడుగు కనిపించదు. ఇంకా కలిపితే చిక్కబడి, స్పూనుతో గీసిన గీత ఒక్క క్షణం నిలిచి పూడుకుంటుంది. పోయాల్సింది అప్పుడే. తేటగా ఉన్నప్పుడే పోస్తే పలుకులు కడతాయి, గీత పూడుకోనంత చిక్కబడ్డాక పోస్తే డబ్బాలో గాలి సందులు మిగులుతాయి.

20 శాతం మైనం ఉన్న ఎండాకాలం బామ్‌ను అలా ఐసు నీళ్లలో పెడితే అంచులకు పొరలు పొరలుగా అతుక్కుపోతుంది. దాన్ని 60 డిగ్రీల దగ్గర, పలచగా ఉన్నప్పుడే డబ్బాల్లో పోసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. సుగంధ తైలం 50 డిగ్రీల లోపు చల్లారాకే వేయాలని మామూలుగా చెప్పే మాట దీనికి కుదరదు, అప్పటికే గడ్డకట్టడం మొదలవుతుంది. పోయడానికి క్షణం ముందు వేసి కలిపేయండి. నిమ్మ తైలం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలే ప్రమాదం ఉంది, దాన్ని వదిలేయడం మంచిది. రెండేళ్ల లోపు పిల్లలకు రాసే బామ్‌లో కర్పూరం అసలు వద్దు.

నడుమ గుంట పడితే పైపొర ముందు గట్టిపడి లోపలిది తర్వాత కుంచించుకుందని అర్థం. రెండు స్పూన్ల బామ్ వేడిగా మిగుల్చుకుని పైన పోస్తే సరిపోతుంది. పైన నూనె చుక్కలుగా చెమర్చితే అది ఎక్కువగా వేడి, చలి మారిమారి తగలడం వల్లే. అప్పుడప్పుడూ అయితే తుడిచి వాడుకోండి, రోజూ అయితే నూనె 5 గ్రాములు తగ్గించి కోకమ్ పెంచండి. ఫ్రిజ్‌లోంచి తీసే ముందే మూత బిగించండి. విశాఖ, మచిలీపట్నం లాంటి తేమ ఊళ్లలో మూత లేకుండా తీస్తే చల్లటి బామ్ మీద గాలిలోని తడి చేరుతుంది, ఆ తడి మీదే తర్వాత బూజు మొదలవుతుంది.

ఏది మళ్లీ కరిగించాలి, ఏది పారేయాలి

పలుకులు, మెత్తదనం, గట్టిదనం, గుంటలు, తెల్ల మచ్చలు: ఇవన్నీ మళ్లీ కరిగిస్తే బాగుపడేవే. 70 నుంచి 75 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచి, పైన చెప్పినట్టు చల్లార్చండి. ఒకటి రెండుసార్లకు మించి కరిగిస్తే సువాసన పోతుంది, నూనె పాతబడుతుంది.

ముక్కిన వాసన వచ్చినదాన్ని ఏ తైలంతోనూ కప్పిపుచ్చొద్దు. పాడైన నూనె చర్మాన్ని మండిస్తుంది. కలబంద గుజ్జు, రోజ్ వాటర్, పచ్చిపాలు, పచ్చి పసుపు, తాజా తులసి లేదా వేపాకు వేసి చేసిన బామ్ వారంలో విడిపోయినా, చుక్కలు కనిపించినా పైపొర తీసి కింది భాగం వాడుకోవచ్చనుకోకండి, మొత్తం పారేయండి. తులసి, వేప గుణం కావాలంటే ఆకును నీడలో గలగలలాడేదాకా ఎండబెట్టి, నూనెలో కాచి, వడకట్టి, ఆ నూనెను పాళ్లలో వాడాలి. కొత్త డబ్బా ఏదైనా ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒక రోజు ఆగండి. తెగిన గాయాల మీద, కాలిన చోట రాయకండి. ఒంటికి చేసిన బామ్‌ను ముఖానికి వాడొద్దు. కొబ్బరి, కోకో బటర్ మొటిమల చర్మానికి పడవు.

పారేసేదాన్ని కరిగించి సింకులో పోస్తే పైపులో మైనం గడ్డకట్టి నీళ్లు దిగవు. గిన్నె వేడిగా ఉన్నప్పుడే పాత పేపర్‌తో తుడిచేసి, తర్వాత వేడినీళ్లు, గిన్నెల సబ్బుతో కడగండి. మైనానికి వాడే గిన్నె, స్పూను, తురిమే పళ్లెం విడిగా ఉంచుకుంటే ఈ తిప్పలు సగం తగ్గుతాయి.